కంప్యూటర్ వర్క్ మీద నాలుగు పూసలు కుట్టి ‘మగ్గం వర్క్’ అని అమ్మొచ్చా?

ఆరిసూది_విజయనగరం
మొన్న ఒకావిడ జాకెట్టు పట్టుకొచ్చారు. పూసలు రాలిపోతున్నాయి, బాగుచేసి పెట్టమన్నారు. ఎక్కడో షాపులో మగ్గం వర్క్ అని 3,800 ఇచ్చి కొన్నారట. లోపలివైపు తిప్పి చూస్తే మొత్తం తెల్లదారం, దాని కింద చింపగా మిగిలిన బ్యాకింగ్ పేపరు. ‘అమ్మా, ఇది మిషన్ మీద కుట్టింది, పూసలొక్కటే చేత్తో వేశారు’ అన్నాను. ఆవిడ నమ్మలేదు సరికదా, నాకు వాళ్లంటే కుళ్లు అన్నట్టు చూశారు. పైగా, ‘ఇలాంటిదే మీరు 6,500 చెప్పారు కదా’ అన్నారు.

6,500 ఎందుకో చెప్తాను. ట్రేసింగ్ పేపరు మీద డిజైన్ గీసి, గీత వెంట సూదితో బెజ్జాలు పొడవాలి. కిరసనాయిల్లో పొడి కలిపి దాని మీద రుద్దితే గుడ్డ మీదకి దిగుతుంది. గుడ్డని మగ్గానికి, అంటే కర్రల చట్రానికి, డప్పులా బిగించాలి. కుడిచేత్తో పైనుంచి ఆరి సూది (కొనకి కొక్కెం ఉండేది) దించుతుంటే, ఎడంచెయ్యి కింద కనపడకుండా దారం అందిస్తుండాలి. జర్దోసి అనే సన్నటి జరీ స్ప్రింగుని బియ్యపుగింజంత ముక్కలు కోసి ఒక్కోటీ సూదికి ఎక్కించాలి. రెండు చేతులూ వీపూ నిండా అయితే నేనూ మా తోడికోడలూ ఎదురెదురుగా కూర్చుని నాలుగు రోజులు. సాయంత్రానికి మెడ తిరగదు.

మిషన్ వాళ్లు బతకొద్దని నేననను. కానీ ఆ పేరు పెట్టుకోవచ్చా? అదొక్కటే నా ప్రశ్న.

పెళ్లికూతురి_అక్క
మాది శ్రీకాకుళం. నిజం చెప్తే తిడతారేమో గానీ, కొనేవాళ్లకి ఈ తేడా పట్టదండీ. పెళ్లిలో నాలుగు గంటలు వేసుకుంటాం, ఫొటోలు దిగుతాం, తర్వాత బీరువాలోకి పోతుంది. ఫొటోలో రెండూ ఒకలాగే ఉంటాయి. మా చెల్లికి ముహూర్తం శ్రావణంలో. జాకెట్లే ఐదు. అన్నీ చేతిపనే అంటే మా నాన్నగారికి ఏటి చెప్పమంటారు?

మిషన్_బొటీక్
ఆ పని చేసేవాళ్లలో నేనూ ఒకణ్ని, కాబట్టి నేనే చెప్తా. నా మిషన్‌కి లోను తీసుకున్నాను, ఇంకా కడుతున్నాను. బటన్ నొక్కితే జాకెట్టు ఊడిపడదు. డిజైన్‌ని కంప్యూటర్లో ఒక్కో కుట్టుగా వేసుకోవాలి. పట్టు మీద దారం బిగువు కాస్త ఎక్కువైతే గుడ్డ ముడుచుకుపోతుంది, కస్టమర్ పట్టుచీర డబ్బు నా మీద పడుతుంది.

వచ్చినవాళ్లు అడిగేదే ‘మగ్గం వర్క్ ఉందా?’ అని. ‘కంప్యూటర్ వర్క్ ఉంది’ అంటే వెనక్కి తిరిగి వెళ్లిపోతారు. బోర్డు మీద ‘మగ్గం వర్క్’ అని లేకపోతే గడప తొక్కరు. పూసలు, కుందన్లు నా దగ్గర ఇద్దరమ్మాయిలు చేత్తోనే కుడతారు. అది చేతిపని కాదా? ఎంతవరకు చేత్తో చేస్తే మగ్గం అవుతుందో గీత గీసి చూపించండి.

ఇంకోటి. మీ మగ్గాల దగ్గర వాడే జరీ అసలు వెండి జరీయేనా? కుందన్లు గమ్‌తో అంటించట్లేదా?

ఆరిసూది_విజయనగరం
గమ్ మాట నిజమే. కుందన్‌ని ముందు గమ్‌తో నిలబెట్టి, చుట్టూ జరీ కుట్టి బిగిస్తాం. చుట్టూ కుట్టకుండా గమ్‌తోనే వదిలేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లని నేను వెనకేసుకు రాను. వెండి జరీ అని నేనెప్పుడూ అమ్మలేదు. అడిగితే ప్లాస్టిక్ జరీయే అని చెప్తాను. మీరు చెప్పనిది అదే కదా.

గీత గీయమన్నారు. డిజైన్ మొత్తం మిషన్ వేసి పూసలు మాత్రం చెయ్యి వేస్తే అది మిషన్ వర్కే. కూర వండించి తెచ్చుకుని మనం కొత్తిమీర చల్లితే మనం వండినట్టా?

పొందూరు_నూలు
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మా ఊళ్లో మగ్గం అంటే నేసేది. మా తాత కాళ్లు గుంటలో పెట్టి కూర్చునేది. మీ కర్రల చట్రాన్ని మగ్గం అని ఎప్పటినుంచి అంటున్నారో గానీ, మా చిన్నప్పుడు ‘మగ్గం వర్క్’ బోర్డు చూసి లోపల చీరలు నేస్తున్నారనుకున్నాం. అంటే ఆ మాట మా దగ్గర మీరు తీసుకున్నారు, మీ దగ్గర మిషన్ వాళ్లు తీసుకున్నారు.

సరదాకి అన్నాను గానీ విషయం సరదాది కాదు. కొన్ని రకాల బట్టలు చేనేత వాళ్లే నెయ్యాలని 1985లో కేంద్రం చట్టం చేసింది. మొదట 22 రకాలు, తర్వాత అవి 11కి తగ్గాయి. 2006లో అసలు చేనేతే అని తెలిపే హ్యాండ్‌లూమ్ మార్క్ కూడా పెట్టారు. అయినా పవర్‌లూమ్ చీర చేనేత పేరుతో అమ్ముడుపోతూనే ఉంది. మా ఇళ్లల్లో వాలుగ చేప దవడతో పత్తి ఏకి సన్ననూలు వడికేవాళ్లు, ఇప్పటికీ ఉన్నారు. అంత కష్టం ఉందని చెప్పినా, పక్కషాపులో సగం ధరకి ‘పొందూరు’ అంటే అటే పోతారు. చట్టం ఉన్న మాకే ఇలా ఉంటే, మీకు అదీ లేదు.

రిటైర్డ్_కుట్టుటీచర్
ఆరిసూదీ, ఒక విషయంలో జాగ్రత్త తల్లీ. తెల్లదారం, పేపరు చూసి మిషన్ అని చెప్పడం అన్నిసార్లూ కుదరదు. ఆరితో కుడితే పైన గొలుసు కుట్టు, వెనక తిన్నని గీతలా దారం ఉంటుంది. మామూలు మిషన్‌లో కింద బాబిన్ దారం ఉంటుంది కాబట్టి తేడా తెలిసిపోతుంది. కానీ గొలుసు కుట్టే వేసే కంప్యూటర్ మిషన్లు కూడా ఉన్నాయి, చమ్కీలు వేసేవీ ఉన్నాయి. కోసిన జర్దోసి, ముడులు, పొట్టుబియ్యంలా కాస్త అటూ ఇటూగా పడ్డ కుట్లు, ఇవి చూడాలి. మా పిల్లలకి కాడ కుట్టు నేర్పేటప్పుడు వెనకవైపు ముందు చూసి మార్కులు వేసేదాన్ని. ముందువైపు ఎవరైనా బాగానే కుడతారు.

వినియోగదారుల_హక్కు
2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లేనిది ఉన్నట్టు చెప్పి అమ్మడం తప్పు. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. బిల్లు మీద ‘చేతితో చేసిన మగ్గం వర్క్’ అని రాయించుకోండి, చాలు.

పెళ్లికూతురి_అక్క
బిల్లా! జాకెట్టుకి మాకిచ్చేది అరచేతంత చీటీ. కొలతలు, అడ్వాన్సు, డెలివరీ తేదీ. ఆ తేదీ కూడా అబద్ధమే.

మిషన్_బొటీక్
చీటీ మీద ‘మిషన్ వర్క్, పూసలు చేత్తో’ అని రాయడానికి నాకు అభ్యంతరం లేదు. బోర్డు మాత్రం మార్చను, పక్కవాడు మార్చేదాకా.

అన్నట్టు ఆరిసూది గారూ, చేతివృత్తుల వాళ్లకి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకానికి మీరు అప్లై చేశారా? అందులో 18 వృత్తులున్నాయి, దర్జీ ఉంది గానీ మగ్గం వర్క్ లేదు.

ఆరిసూది_విజయనగరం
చేశాను. దర్జీ అనే రాయించుకున్నాను. ఎందుకడిగారో అర్థమైంది లెండి. జాకెట్లు కూడా నేనే కుడతాను, అందుకని అబద్ధం కాదు. కానీ రాయించేటప్పుడు మనసుకి కొంచెం గుచ్చుకున్న మాట నిజం. పన్నెండేళ్లుగా చేస్తున్న పనికి ఆ కాగితంలో గడి లేదు.

పొందూరు_నూలు
గడి ఉన్నా అంతే అప్పా. నర్సాపురం లేసు అల్లికకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే ఈ సరుకు అని ఇచ్చేది) వచ్చింది. అల్లే ఆడవాళ్ల కూలి ఎంత పెరిగిందో వాళ్లనే అడగాలి.

రిటైర్డ్_కుట్టుటీచర్
కూలి పెరక్కపోయినా పేరు ఉండనీ బాబూ. మా చిన్నప్పుడు ఊళ్లో కుట్టుపని చేసే ఆవిడకి పేరే లేదు, ఫలానావారి కోడలు అనేవారు.

పెళ్లికూతురి_అక్క
ఇదంతా చదివాక రాత్రి మా అమ్మ పెళ్లి జాకెట్టు బయటికి తీసి తిప్పి చూశాను. వెనక ముడులు కనపడ్డాయి, మూడుచోట్ల దారం రంగు మారింది. మధ్యలో అయిపోయి వేరేది తెచ్చుకున్నట్టున్నారు. ముందువైపు చూసి ఇన్నేళ్లలో ఎవరికీ తెలియలేదు.

ఆరిసూది గారూ, ఐదు నా వల్ల కాదు. ముహూర్తం జాకెట్టు ఒక్కటి, చేతులకి మాత్రమే, వీపు ప్లెయిన్. ఎంతవుతుంది? మిగతా నాలుగూ మిషన్‌కే ఇస్తాను, ఏమనుకోకండి.

మిషన్_బొటీక్
ఆ నాలుగూ ఎక్కడిస్తున్నారో చెప్పండి, రేటు నేను తగ్గిస్తా. చీటీ కూడా రాసిస్తా.

ఆరిసూది_విజయనగరం
చేతులకే అయితే 2,800. శ్రావణం అంటున్నారు కాబట్టి గుడ్డ ఈ వారమే పంపండి. ఆషాఢంలో అందరూ ఒకేసారి వస్తారు, అప్పుడిస్తే నేను మాటివ్వలేను. తీసుకునేటప్పుడు వెనక్కి తిప్పి చూసుకునే వెళ్లండి. నా దారం రంగు మారితే ముందే ఫోన్ చేసి చెప్తాను.