అప్‌డేట్: ఆ తెల్ల పుట్టగొడుగు ఏంటో తేలింది

ఓక్, పైన్ చెట్లు కలిసున్న అడవిలో దొరికిన తెల్ల పుట్టగొడుగు ఫొటో పెట్టి, తినొచ్చా అని అడిగాను కదా, తినకూడదు. మీలో కొందరు చెప్పినట్టే మళ్లీ వెళ్లి, ఇంకొకదాన్ని చుట్టూ మట్టి తవ్వి మొదలంటా తీశాను. కాడ అడుగున, చిరిగిన గుడ్డు పెంకులా తెల్లటి సంచి ఉంది. ఆకుల కింద, మట్టిలో ఉండేది ఫొటోలో ఎలా కనిపిస్తుంది! కాడ పైభాగాన పల్చటి ఉంగరం కూడా ఉంది.

గొడుగు భాగాన్ని కోసి, సగం నల్ల కాగితం మీద, సగం తెల్ల కాగితం మీద పడేలా బోర్లించి, రాత్రంతా గిన్నె మూసి ఉంచాను. పొద్దున నల్ల కాగితం మీద, గొడుగు నుంచి రాలిన బీజాల తెల్లటి పొడి గీతలుగా స్పష్టంగా పడింది. తినే అగారికస్ రకమైతే ముదురు చాక్లెట్ రంగు పొడి రాలాలి. సంచి, ఉంగరం, తెల్ల పొడి మూడూ కలిశాయంటే అది అమనైటా అనే పుట్టగొడుగుల జాతిదే.

'కొంచెం తిని చూడు, ఏమీ కాకపోతే సరే' అన్నవాళ్లకు ఒక మాట. ఈ జాతిలో ప్రాణం తీసే రకాల్లో ఉండే అమటాక్సిన్లు అనే విషాలు ఉడికించినా పోవు. తిన్నాక సాధారణంగా 6 నుంచి 12 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. మధ్యలో తగ్గినట్టే అనిపిస్తుంది, లోపల కాలేయం మాత్రం పాడవుతూ ఉంటుంది.

అదే బుట్టలో వేసిన మిగతావి కూడా పారేశాను. టెన్షన్ పడుతూ తినడమెందుకు?