సమస్య: గాలివానయె తోటకుఁ గాపు కాసె

నిర్వాహకులు: చైత్రమాసపు సాయంకాలం ఒక పల్లెటూరి పెంకుటింటి మీదుగా, దాని వెనుకనున్న మామిడి తోట మీదుగా ఉరుములతో దాటిపోయే గాలివానను మనసులో పెట్టుకొని, చివరి పాదంగా నిలిపి పద్యం పూరించడానికి ఈ పాదాన్ని ఇస్తున్నాను. తోటను పాడుచేసేదే తోటకు కావలి కాసిందనడం నాకు నవ్వు తెప్పించింది కాబట్టి సభ్యులకూ తెప్పిస్తుందని ఆశ. ప్రతి వాన సమస్యకూ గోవర్ధనగిరిని ఎత్తుకొని వచ్చేవారు ఈ ఒక్కసారికి దానిని దించి రావలసిందిగా మనవి.

చెరువుగట్టు:

మాపటేళను మామిడి మరగి వచ్చు
దొంగమూకలు గోడను దూకు వేళ
మెఱుపు దివ్వెలు వెలిగించి మేలుకొలిపి
గాలివానయె తోటకుఁ గాపు కాసె.

పాతతాటాకు: మూడవ పాదం చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. గాలివాన చేతికి దీపమిచ్చి దానిని నిజంగానే కావలివాడిని చేశారు. వాన పడితే దొంగలు రారని ఊరుకొని ఉంటే అది వట్టి వాతావరణ విశేషం అయి ఉండేది, ‘మేలుకొలిపి’ అన్న మాటతో పూరణ అయింది. అయితే ‘మాపటేళ’ నోటి మాటగా ఎంత సొంపైనదైనా పద్యంలో పంటి కింద రాయిలా తగులుతున్నది. ‘మాపు వేళల’ అంటే లెక్కా తప్పదు, రోజూ వచ్చే దొంగలన్న అర్థమూ అదనంగా దక్కుతుంది.

చెరువుగట్టు: తాటాకు గారి సవరణను శిరసావహిస్తున్నాను. ‘మాపు వేళల’ అని చదువుకొనవలసిందిగా ప్రార్థన.

నేతిబీరకాయ: పద్యం బాగున్నదనడంలో నాకూ సందేహం లేదు. కాని గాలివాన వెలిసిన తరువాతనే అసలు దొంగతనం మొదలవుతుందని తోటలున్న ఊళ్ళలో పుట్టినవారెవరైనా చెబుతారు. రాలిన కాయ ఎవరిదీ కాదన్న ధర్మశాస్త్రం మీద నమ్మకంతో తెల్లవారకముందే పిల్లలూ పెద్దలూ సంచులతో దిగుతారు. ఆ పూటకు కావలి ఎవరో కవిగారు చెప్పలేదు.

తోటబావి: ఇది ఊహించి వ్రాసినది కాదు, తోట చూసుకుంటూ వ్రాసినది.

తేనెమంచునుఁ గడుగుచుఁ దెల్లవాఱ
బలము లేని పిందెల నెల్లఁ బడఁగఁగొట్టి
మేలి కాయలఁ గొమ్మల మిగులనిచ్చి
గాలివానయె తోటకుఁ గాపు కాసె.

నిర్వాహకులు: నేను పాదమిచ్చినప్పుడు తలచుకొన్న తోవకు ఇది చాలా దగ్గరగా ఉన్నది. పూత మీద చేరిన తేనెమంచు పురుగు వదిలే జిగురు, దాని మీద పెరిగే మసిమంగు ఒక గట్టి వానకు కడుక్కుపోతాయన్నది రైతులందరూ ఎరిగినదే. చెట్టు ఎట్లాగూ మోయలేని పిందెలను గాలి రాల్చిందనడంతో నష్టాన్నే కావలిగా మార్చారు. బయటినుంచి దొంగ గాని, దేవుడు గాని అవసరం లేకుండా తోట లోపలే సమస్య తీరింది.

నేతిబీరకాయ: నిర్వాహకుల మెప్పు తరువాత నోరు మెదపడం సాహసమే అయినా, ‘తెల్లవాఱ’ అన్నచోట నాకు నమ్మకం కలుగలేదు. పగలంతా నేల కాగి, బంగాళాఖాతం మీదినుంచి వచ్చిన తేమగాలి వేడికి పైకి లేచి, సాయంత్రానికి మబ్బై విరుచుకుపడే చైత్రపు వాన సాధారణంగా గంటో రెండు గంటలో ఉండి వెళ్ళిపోయేదే గాని, శ్రావణపు ముసురులాగా తెల్లవార్లూ కూర్చొని పిందెలు కడిగేది కాదు. నిర్వాహకులు దాటిపోయే గాలివాన అని స్పష్టంగా చెప్పారు కూడా. పైగా పూత మీద, లేత పిందె మీద తడి నిలిస్తే మచ్చ తెగులు పట్టుకుంటుంది. రాత్రంతా తడిపే వానను కావలికి పెట్టుకొన్న తోటలో మిగిలేవి మేలి కాయలని చెప్పడం కవిగారి దయ.

తోటబావి: మచ్చ తెగులు సంగతి నాకు తెలియదనుకొన్నందుకు ధన్యవాదాలు. కొమ్మలు కత్తిరించి గాలి ఆడనిచ్చిన తోటలో గంట వానకు తడిసిన ఆకు మరునాటి ఎండకు త్వరగానే ఆరిపోతుంది. అయితే రాత్రంతా అన్నమాట నా పద్యంలో ఉన్నది కాబట్టి ‘తెల్లవాఱ’ బదులు ‘దేలికగను’ అని మారుస్తున్నాను: ‘తేనెమంచునుఁ గడుగుచుఁ దేలికగను’. ఋతువుల విషయంలో ఇంత పట్టుదల చూపుతున్న బీరకాయ గారు క్రితం ఏడాది ఒక పూరణలో మాఘమాసంలో తాటిముంజెలు కోయించి, వాటిని శివరాత్రి జాగారం చేసేవారికి పంచిపెట్టిన సంగతి సభ్యులు మరిచిపోలేదని మాత్రం మనవి చేస్తున్నాను.

చెరువుగట్టు: ఆ ముంజెల పద్యం నాకు కంఠస్థం. యతులన్నీ చక్కగా కుదిరాయి, ముంజెలే కుదరలేదు.

పాతతాటాకు: గోవర్ధనగిరిని దించమన్నారు కాబట్టి దించాను, ఖాండవవనాన్ని ఎవరూ నిషేధించలేదు.

అగ్ని ఖాండవవనముపై నడరి రాఁగ
తక్షకుని చెల్మిఁ దలపోసి తల్లడిల్లి
వజ్రి విడిచిన మేఘముల్ వచ్చి కురియ
గాలివానయె తోటకుఁ గాపు కాసె.

నేతిబీరకాయ: తాటాకు గారి పద్యంలో నడక గంభీరంగా ఉన్నది, మూడవ పాదం మరీ బాగున్నది, కాని కథ ఎదురు తిరిగింది. ఇంద్రుడు పంపిన వానను అర్జునుడు బాణాల కప్పుతో ఆపివేశాడు గదా. ఆ అడవిలో బ్రతికి బయటపడినవారు మయుడు, తక్షకుని కొడుకు అశ్వసేనుడు, నాలుగు శార్ఙ్గక పక్షులు మాత్రమే. ఎవరి స్నేహం కోసం ఇంద్రుడు తల్లడిల్లాడో ఆ తక్షకుడు ఆ సమయానికి కురుక్షేత్రంలో ఉన్నాడు. కావలి కాసిన తోట కాలిపోగా, కావలి అక్కరలేనివాడు ఊరిలోనే లేడు. దీనిని ‘కాపు కాసె’ అని ముగించడం ఎట్లా?

పాతతాటాకు: బీరకాయ గారు కథను చివరినుంచి చదివారు. అర్జునుడు రాకముందు అగ్ని ఎన్నిసార్లు నోరు తెరిచినా ఇంద్రుడు వాన కురిపించి అడ్డుపడ్డాడనీ, అందువల్లనే అగ్ని బ్రాహ్మణ వేషంలో కృష్ణార్జునులను యాచించవలసి వచ్చిందనీ భారతమే చెబుతున్నది. నేను వ్రాసినది ఆ ముందటి వానలను గురించి.

నేతిబీరకాయ: అయితే ముందటి వానలని పద్యం చెప్పాలి గాని, పద్యం కింద మీరు చెప్పకూడదు.

నిర్వాహకులు: ఇద్దరూ సరైనదే చెప్పారు, కాని తీర్పు పద్యం మీదనే ఉండాలి. మొదటి పాదం ఒక్కటి మారిస్తే ఇద్దరి పట్టింపూ తీరుతుందని నాకు తోచింది: ‘అగ్ని తొల్లియు ఖాండవ మారగింప’. శ్వేతకి అనే రాజు చేసిన యజ్ఞంలో తాగిన నెయ్యి అరగక వచ్చినవాడికి ‘ఆరగింప’ అన్న మాట ‘అడరి రాఁగ’ కంటె ఎక్కువ తగినది కూడా. ఇక ఖాండవాన్ని తోట అనవచ్చునా అన్న ప్రశ్న నా మనసులో ఉన్నది. పాదులు తీసి నీరు పోసి, కంచె వేసి, కాపుకు ఎదురుచూసేదే తోట అని నేననుకొంటాను. ఏనుగులు, పాములు సొంతంగా పెరిగిన చోటు అడవి. తాటాకు గారు దీనికి సమాధానం చెప్పేవరకు పద్యాన్ని మెచ్చుకొంటూనే, సమస్యను సగమే తీరినదిగా లెక్కిస్తాను.

పాతతాటాకు: సవరణ స్వీకరించాను. అడవికీ తోటకూ తేడా మనుషులు పెట్టినదే గాని ఇంద్రుడు పెట్టినది కాదని మాత్రం చెప్పి విరమిస్తున్నాను.

నేతిబీరకాయ: ఇంతమంది ఇన్ని తోవలు తొక్కిన తరువాత ఇచ్చిన పాదాన్ని నడుమ విరిచి రెండు మాటలుగా చదివించే విరుపు ఒక్కటే నాకు మిగిలింది.

కంచె నెవ్వరు కూల్చిరి కాళరాత్రి?
కుక్క యేమి చేసెను వానఁ గాచుకొనుచు?
అడుగ రెంటికి నుత్తర మరయ వినుఁడు
గాలివానయె; తోటకుఁ గాపు కాసె.

తోటబావి: విరుపు నిజంగా చమత్కారంగా ఉన్నది. ‘గాలివానయె’లోని చివరి ‘యె’ మిగిలిన పూరణలన్నిటిలో సమర్థించుకోవలసిన బరువుగా ఉండగా, ఇక్కడ ప్రశ్నకు జవాబుగా నిలబడి తన చోటు తాను వెతుక్కొన్నది. కాని రెండవ పాదంలో ‘కు’తో మొదలుపెట్టి, దానితో అక్షరం కుదరవలసిన యతి స్థానంలో ‘గా’ దగ్గర ఆగారు. హల్లుకు హల్లు కుదిరింది, అచ్చు ఎక్కడ పోయిందో కుక్కనే అడగాలి. నిరుడు నా పద్యంలో ఇటువంటిదే ఒకటి దొరికినప్పుడు ఇదే బీరకాయ గారు నన్ను మూడు రోజులు వదలలేదు.

నిర్వాహకులు: యతి భంగం స్పష్టంగా ఉన్నది. సమస్యను విరిచి తప్పించుకొనడం పామును చంపకుండా పక్కనుంచి నడిచి వెళ్ళడం వంటిది. అది తప్పు కాదు, కాని అట్లా నడిచేవాడి అడుగు తడబడకూడదు. అంతకంటె మూడవ పాదం నన్ను ఎక్కువ బాధించింది. ‘అరయ’, ‘వినుఁడు’ రెండూ చోటు నింపడానికి వచ్చినవే. అడిగింది ఎవరిని, చెప్పింది ఎవరు అన్నది తెలియక ప్రశ్నలు గాలిలో వ్రేలాడుతున్నాయి.

చెరువుగట్టు: ఎవరూ తప్పుగా అనుకొనకపోతే రెండు పాదాలనూ ఇట్లా సర్దవచ్చును.

కంచె నెవ్వరు కూల్చిరి కాళరాత్రి?
కుక్క యేమి చేసెను వానఁ గూరుచుండి?
అడుగ రెంటికి బదులిచ్చె నమ్మ నవ్వి:
గాలివానయె; తోటకుఁ గాపు కాసె.

పాతతాటాకు: ‘అమ్మ నవ్వి’ రాగానే పద్యానికి ఒక ఇల్లు వచ్చింది. అంతవరకు కంచె, కుక్క, తోట ఉన్నాయి గాని అరుగు మీద నిలబడి పొద్దున్నే పడిపోయిన కంచెను చూసే మనిషి లేదు. పద్యం బీరకాయ గారిదనాలో, గట్టు గారిదనాలో నిర్వాహకులే తేల్చాలి.

నిర్వాహకులు: విరుపు బీరకాయ గారిది, అమ్మ గట్టు గారిది అని వ్రాసుకొంటున్నాను. నా వరకు ఈ సమస్యకు మొదటి స్థానం మాత్రం ‘దేలికగను’ అని సవరించిన తోటబావి గారి పద్యానిదే.

నేతిబీరకాయ: యతి విషయంలో తోటబావి గారి మాటకు తలవంచుతున్నాను, తీర్పుకు కాదు. రాలిన పిందెలను నష్టమని చెప్పకుండా దాటవేసిన పద్యానికి మొదటి స్థానమిచ్చిన నిర్వాహకులు, ఆ పిందెలను ముక్కలు కోసి ఒరుగులు ఎండబెట్టే ఆడవాళ్ళను గురించి ఎవరైనా పూరిస్తే ఏ స్థానమిస్తారో చూడాలని ఉన్నది. రేపటిలోగా నేనే ప్రయత్నిస్తాను. ముంజెలు మాత్రం పెట్టను.