నేతిబీరకాయలో నెయ్యి, ఇంజిన్ పేరులో మన్నిక

నిరుక్తి: డ్యూరామ్యాక్స్, నార్త్‌స్టార్, ప్యూర్‌టెక్, ఎకోబూస్ట్, హెమి, వీటెక్. బండ్ల ఇంజిన్లకు కంపెనీలు తగిలించిన పేర్లివి. వీటిలో కొన్ని చెవిన పడగానే ‘ఇక దీనికి తిరుగులేదు’ అనిపించాలని పెట్టిన పేర్లే. మన శాస్త్రాల్లో పదాలను యౌగికం (భాగాల అర్థమే పదం అర్థం), రూఢం (భాగాలతో పని లేకుండా వాడుకలో స్థిరపడ్డది), యోగరూఢం (భాగాల అర్థం ఉన్నా వాడుక ఒక్కదానికే పరిమితం చేసినది) అని విడదీస్తారు కదా. ఆ లెక్కన ఏ రకం పేరు ఇంజిన్ మన్నిక గురించి కాస్తయినా నిజం చెబుతుంది? లేక అన్నీ నేతిబీరకాయలేనా?

కవాటం: మన్నిక గురించి ఏదీ చెప్పదు. కానీ యౌగికాలు వేరే విధంగా పనికొస్తాయి. లోపల ఏ భాగం ఉందో చెబుతాయి, దాన్నిబట్టి ఏది చెడవచ్చో ముందే పట్టుకోవచ్చు.

టొయోటా వీవీటీ-ఐ అంటే వాల్వులు (సిలిండర్‌లోకి గాలిని రానిచ్చి, పొగను పోనిచ్చే మూతలు) తెరుచుకునే వేళను మార్చే ఏర్పాటు. ఆ మార్పు ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితో జరుగుతుంది. ఆయిల్ మార్చడం ఆలస్యం చేస్తే కంట్రోల్ వాల్వుకు ముందున్న చిన్న జల్లెడ మడ్డితో పూడిపోతుంది. ఐడిల్ నిలకడగా ఉండదు, పికప్ తగ్గుతుంది. హోండా 1989లో తెచ్చిన వీటెక్ కూడా వాల్వుల తీరు మార్చేదే, దాంట్లోనూ కీలకం ఆయిలే. వీటెక్ ఎర్రర్ కోడ్ రాగానే సోలెనాయిడ్ (ఆయిల్ దారి తెరిచే విద్యుత్ వాల్వు) కొనేయకండి. ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూడండి, ఆయిల్ తగ్గినా అదే కోడ్ వస్తుంది. తర్వాత సోలెనాయిడ్ అడుగున ఉండే జల్లెడ గాస్కెట్ (జల్లెడ అమర్చిన సీలు) శుభ్రం చేయండి. అప్పటికీ పోకపోతేనే సోలెనాయిడ్ సంగతి.

ఎకోబూస్ట్ సగం స్తుతి, సగం యౌగికం. ‘ఎకో’ పొగడ్త, ‘బూస్ట్’ టర్బో, అంటే గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టేది. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి పిచికారీ అవుతుందన్న ముఖ్యమైన విషయం పేరులో లేదు. ఫోక్స్‌వ్యాగన్ టీఎస్ఐలో ‘ఐ’ అక్షరం ఆ ఇంజెక్షన్‌ను సూచిస్తుంది. వాల్వులకు ముందే పెట్రోలు చిమ్మే పోర్టు ఇంజెక్టర్లు కూడా లేని ఇంజిన్ అయితే ఇన్‌టేక్ వాల్వుల వెనుక భాగాన్ని పెట్రోలు కడగదు, అక్కడ మసి పేరుకుంటుంది. ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు ఆ వాల్వుల దాకా చేరవు. గాలి గొట్టాల మానిఫోల్డ్ విప్పి, శుభ్రం చేయబోయే సిలిండర్ వాల్వులు మూసుకుని ఉండేలా క్రాంకు (ఇంజిన్ ప్రధాన ఇరుసు) తిప్పి, అక్రోటు పెంకు పొడిని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేయాలి.

పదశోధిని: హెమి గురించి ఎవరూ ఎత్తలేదేం? యోగరూఢానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. బురదలో పుట్టేవన్నీ పంకజాలు కావు, తామర ఒక్కటే. అలాగే అర్ధగోళాకారపు (హెమిస్ఫెరికల్) దహన గది ఉన్న ఇంజిన్లను ఎన్నో కంపెనీలు చేశాయి. ‘హెమి’ అంటే మాత్రం క్రైస్లర్‌దే. 1951లో వాళ్లు ఆ ఆకారంతో మొదలుపెట్టారు, 1964 నాటి 426 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌తో పేరు స్థిరపడింది. 2003 మోడల్‌కు వచ్చిన 5.7 లీటర్లలో గది నిజమైన అర్ధగోళం కాదు. రెండు పక్కలా చదును చేసి, సిలిండర్‌కు రెండు చొప్పున 16 స్పార్క్ ప్లగ్గులు పెట్టారు. యోగం పలచబడింది, రూఢి మిగిలింది.

కవాటం: పైగా ఆ 5.7కు వచ్చే జబ్బులకూ గది ఆకారానికీ సంబంధం లేదు. ‘హెమి టిక్’ అని అందరూ ఒకే మాట అంటారు గానీ, అందులో రెండు వేరు వేరు చప్పుళ్లున్నాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని, వేడెక్కాక తగ్గిపోతే అది చాలాసార్లు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ గొట్టాల) బోల్టు విరిగిన లీకు. లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది. వేడెక్కినా ఆగని టిక్‌తో పాటు ఒక సిలిండర్ మిస్‌ఫైర్ (సరిగా మండకపోవడం) కూడా అయితే, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు కదలికను వాటికి అందించే లిఫ్టర్‌ను అనుమానించాలి. దాని రోలర్‌లోని సూది బేరింగు పాడై, రోలర్ తిరగడం మానేసి, క్యామ్ ఎత్తును అరగదీస్తుంది. అప్పుడు లిఫ్టర్లతో పాటు క్యామ్ షాఫ్టు కూడా మార్చాల్సిందే. ఒక్క లిఫ్టర్ వేసి మూసేస్తే అరిగిన క్యామ్ కొత్తదాన్నీ తినేస్తుంది.

నిరుక్తి: మరి అచ్చమైన పొగడ్త పేర్లు?

కవాటం: జనరల్ మోటార్స్ డీజిల్ డ్యూరామ్యాక్స్ పేరులోనే మన్నిక ఉంది. 2001లో వచ్చిన మొదటి రకం ఎల్‌బీ7కు డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల బెడద. అవి వాల్వ్ కవర్ల కింద ఉండేవి కాబట్టి లీకైన డీజిల్ ఆయిల్లో కలిసేది. ఐడిల్లో తెల్లపొగ, డిప్‌స్టిక్ మీద లెవెల్ తగ్గాల్సింది పోయి పెరగడం, ఆయిల్‌కు డీజిల్ వాసన దీని గుర్తులు. ఇంజెక్టర్లకు వారంటీని 7 ఏళ్లు లేదా 2,00,000 మైళ్లకు పొడిగించారు. తర్వాతి ఎల్‌ఎల్‌వైలో వాటిని కవర్ల బయటికి తెచ్చారు.

కాడిలాక్ నార్త్‌స్టార్ అంటే ధ్రువతార, అంటే కదలనిది. దాంట్లో కదిలినవి హెడ్ బోల్టులే, అంటే సిలిండర్ల పై మూతను బ్లాకుకు బిగించేవి. అల్యూమినియం బ్లాకులో మర చుట్లు ఊడివచ్చి హెడ్ గాస్కెట్ (మూతకూ బ్లాకుకూ మధ్య సీలు) వదులయ్యేది. గాస్కెట్ ఒక్కటే మారిస్తే ఆ రిపేరు నిలవదు. రంధ్రాలు పెద్దవి చేసి ఉక్కు మరల గొట్టాలు గానీ, లావు స్టడ్డులు గానీ దించాలి.

పదశోధిని: దీనికి తిరగేసిన ఉదాహరణ క్రైస్లర్ స్లాంట్ సిక్స్. పేరు చెప్పేది సిలిండర్లు 30 డిగ్రీలు ఒరిగి ఉన్నాయని, అంతే. మన్నికకు పేరుమోసిన ఇంజిన్ అది. ఏ గొప్పా చెప్పుకోని పేరు.

సంధ్యక్షరం: ఒక అభ్యంతరం. పాంటియాక్ ఐరన్ డ్యూక్ ఉంది. బ్లాకూ హెడ్డూ పోత ఇనుమే, రెండూ ఒకేలా వ్యాకోచిస్తాయి, గాస్కెట్ మీద భారం తక్కువ. ఇక్కడ పేరు మన్నికను సూచించినట్టే కదా?

కవాటం: ఇనుము గురించి చెప్పింది, ఒప్పుకుంటాను. క్యామ్ గేరు మాత్రం ఫైబర్. పళ్లు ఊడేది అదే. పేరు ఒక భాగానికి సాక్ష్యమిస్తుంది, మొత్తం ఇంజిన్‌కు కాదు.

సంధ్యక్షరం: మరి హ్యుందయ్ గ్రీకు అక్షరాలు? కప్పా, గామా, తీటా...

కవాటం: వట్టి రూఢాలు. తీటా 2 రకానికి క్రాంకు షాఫ్టు ఆయిల్ దారుల్లో మ్యాచినింగ్ రజను మిగిలిపోయి కనెక్టింగ్ రాడ్ బేరింగులు పోయాయి. అమెరికాలో 2015 నుంచి రీకాల్స్ జరిగాయి. తెలుగు చెవికి ‘తీట’ అని వినిపించడం కేవలం కాకతాళీయం.

పదశోధిని: అసలు చిక్కు అర్థంలో కాదు, నానార్థాల్లో ఉందనిపిస్తోంది. ఫోర్డ్ పవర్‌స్ట్రోక్‌లో 7.3 లీటర్లది గట్టి పిండమని పేరు తెచ్చుకుంది. 2003లో వచ్చిన 6.0 అదే పేరుతో చెడ్డపేరు మూటగట్టుకుంది. రెండింటి తయారీదారూ నావిస్టార్ అనే కంపెనీయే.

కవాటం: సరిగ్గా పట్టుకున్నారు. 6.0లో కథ ఆయిల్ కూలర్‌తో మొదలవుతుంది. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వెళ్లే సన్నటి దారులు మడ్డితో పూడుకుంటాయి. దాని తర్వాత వరుసలో ఉన్న ఈజీఆర్ కూలర్‌కు (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చేది) నీళ్లందక పగిలి, కూలెంట్ ఇన్‌టేక్‌లోకి చేరుతుంది. సిలిండర్ చుట్టూ నాలుగే హెడ్ బోల్టులు కాబట్టి ఒత్తిడి పెరిగితే అవి సాగి, గాస్కెట్ పోతుంది. పరీక్ష తేలికే. బాగా వేడెక్కాక హైవే మీద ఒకే వేగంతో నడుపుతూ స్కానర్‌లో ఆయిల్, కూలెంట్ ఉష్ణోగ్రతలు చూడండి. తేడా 15 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 8 సెల్సియస్ దాటితే ఆయిల్ కూలర్ మూసుకుంటున్నట్టు. దాన్ని వదిలేసి ఈజీఆర్ కూలర్ ఒక్కటే మారిస్తే కొత్తదీ పగులుతుంది.

దీనికి ఎదురు పర్యాయపదాలు. ఫియట్ 1,248 సీసీ డీజిల్‌ను వాళ్లు మల్టీజెట్ అన్నారు, మారుతి సుజుకి డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది, ఓపెల్ సీడీటీఐ అంది. మూలం ఒకటే.

నిరుక్తి: ప్యూర్‌టెక్ మిగిలిపోయింది.

కవాటం: ప్యూజో, సిట్రోయెన్‌ల 1.2 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్. ‘ప్యూర్’ అన్నారు గానీ తొలి రకాల్లో టైమింగ్ బెల్టు (క్రాంకుకూ క్యామ్‌కూ లంకె వేసేది) ఆయిల్లోనే తడుస్తూ తిరుగుతుంది. చిన్న చిన్న ప్రయాణాల్లో ఇంజిన్ సరిగా వేడెక్కక పెట్రోలు ఆయిల్లో కలుస్తుంది, రబ్బరు ఉబ్బి రాలుతుంది. ఆ తుక్కు సంప్ (ఆయిల్ నిలిచే అడుగు తొట్టి)లోని జల్లెడకు పట్టి ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది. బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పంపు దారి మూసుకుంటే బ్రేకు పెడల్ గట్టిపడుతుంది. ఆయిల్ పోసే మూత తీసి, అక్కడ కనిపించే బెల్టు వెడల్పును గేజితో కొలవాలి. గేజి పట్టనంత ఉబ్బినా, అంచులు చీలినా బెల్టు మార్చాలి, సంప్ విప్పి జల్లెడ కడగాలి. కంపెనీ చెప్పిన స్పెసిఫికేషన్ ఆయిలే వాడాలి, చిక్కదనం ఒక్కటే కలిస్తే సరిపోదు. ఈ బెల్టు విషయంలో వారంటీని 10 ఏళ్లు లేదా 1,75,000 కిలోమీటర్లకు పెంచారు. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ తొలి రకాల్లోనూ తడి బెల్టే. ‘ప్యూర్’, ‘ఎకో’ అని రెండు వేరు పొగడ్తలు, జబ్బు ఒకటే.

నిరుక్తి: అయితే పేరు బదులు ఏం చూడాలి?

కవాటం: ఇంజిన్ కోడ్. బ్లాకు మీద చెక్కిన అంకెల్లో గానీ, బండి కాగితాల్లో గానీ ఉంటుంది. అమెరికా బండ్లయితే 17 అక్షరాల చాసిస్ నంబరులో 8వది ఇంజిన్‌ను చెబుతుంది. డ్యూరామ్యాక్స్‌కు అక్కడ 1 ఉంటే ఎల్‌బీ7, 2 ఉంటే ఎల్‌ఎల్‌వై. 2004 బండ్లలో రెండూ ఉన్నాయి, బయటి పేరు రెండింటికీ ఒకటే.