లదాఖ్ పాత మ్యాపు మొత్తం తూర్పుకు జరిగిపోతోంది, ఎందుకు?

ప్రశ్న (తార్నాక నుంచి): అన్నలూ, పంతొమ్మిదో శతాబ్దం చివరి నాటి లదాఖ్ మ్యాపు స్కాన్ దొరికింది. అంగుళానికి నాలుగు మైళ్ల స్కేలు. క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో అక్షాంశ రేఖాంశాల గళ్లు పట్టుకుని జియోరెఫరెన్స్ చేశా, అంటే స్కాన్‌ని భూమ్మీద దాని అసలు చోట కూర్చోబెట్టా. శాటిలైట్ ఇమేజ్ మీద వేస్తే లేహ్, సింధు నది అన్నీ నాలుగు కిలోమీటర్లు తూర్పుకు పోయాయి. ఉత్తర దక్షిణాలు మాత్రం బాగానే ఉన్నాయి. స్కాన్‌లోనే తేడా ఉందా?

జవాబు (ఉప్పల్ నుంచి): స్కాన్ తేడా అయితే షీటు వంకరపోతుంది తమ్ముడూ, అంతా ఒకే వైపు ఇంత సమానంగా జరగదు. ఇది మద్రాసు అబ్జర్వేటరీ లెక్క. దేశం మొత్తం సర్వేకి రేఖాంశాలు అక్కడి నుంచే లెక్కగట్టారు. ఆ అబ్జర్వేటరీ రేఖాంశాన్నే 2 నిమిషాల 27 సెకన్లు ఎక్కువగా తీసుకున్నారు. 1905లో గానీ సవరించలేదు. 34 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ తేడా సుమారు 3.8 కిలోమీటర్లు. అదే మన హైదరాబాద్ పాత మ్యాపుకైతే 4.3 దాకా వస్తుంది. షీటు అంచున సన్నక్షరాల్లో దీని గురించి నోట్ ఉందేమో చూడు. గీత మీద 77°30′ అని ఉంటే నువ్వు 77°27′33″ అని కొట్టు. కోఆర్డినేట్ సిస్టమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే పద్ధతి) మన దేశపు పాత సర్వేకి సరిపోయే కల్యాణ్‌పూర్ 1975 పెట్టు. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 పెడితే ఇంకొంత తేడా కొడుతుంది.

తార్నాక: సూపర్ అన్నా, లేహ్ అతికినట్టు కూర్చుంది! పాంగాంగ్ సరస్సు అవతల మాత్రం ఇంకా తేడానే, అదీ ఒక్కోచోట ఒక్కోలా.

ఇంకో జవాబు (హబ్సిగూడ నుంచి): అక్కడ ఆ రేఖాంశ సవరణ ఒక్కటే చాలదండి. 1855–64 మధ్య మాంట్‌గొమరీ అనే అధికారి నడిపిన కాశ్మీర్ సర్వేలో శిఖరాలను కోణాలు కొలిచే థియోడలైట్‌తో కొలిచారు, మధ్యలోదంతా ప్లేన్‌టేబుల్ (కాళ్లున్న గీత బల్ల) మీద చూసి గీసిందే. పాంగాంగ్ వైపు ఆ సర్వేలోని గాడ్విన్-ఆస్టెన్ 1863లో వెళ్లాడు. ఆ గాలిలో, ఆ చలిలో బల్ల నిలబెట్టి గీయడమే గొప్ప. కనుమలు, గోంపాలు (బౌద్ధ మఠాలు), రాతి లోయల్లో వాగులు కలిసే చోట్లు కంట్రోల్ పాయింట్లుగా, అంటే మ్యాపులోనూ ఇమేజ్‌లోనూ జత కలిపే గుర్తులుగా తీసుకోండి. సరస్సు ఒడ్డు ముట్టుకోవద్దు, ఉప్పు సరస్సుల నీటిమట్టం మారుతుంటుంది. మ్యాపును రబ్బరులా సాగదీసే థిన్ ప్లేట్ స్ప్లైన్ పద్ధతి జోలికి వెళ్లకండి. పాయింట్లు పెట్టిన చోట ముచ్చటగా కూర్చుంటుంది, లేని చోట మ్యాపును ఎటు లాగిందో కనిపించదు. మ్యాపంతటినీ ఒకే తీరుగా సర్దే పాలినోమియల్ 1 చాలు, మిగిలిన తేడా ఎంతో కనిపిస్తుంది.

ఉప్పల్: ఎత్తులు అడుగుల్లో ఉంటాయి, 0.3048తో గుణించు. నీళ్లు మరిగే ఉష్ణోగ్రతను బట్టి తేల్చిన ఎత్తులు కూడా అప్పటి మ్యాపుల్లో ఉండేవి. వాటిని ఇప్పటి డీఈఎం (డిజిటల్ ఎత్తుల మ్యాపు)తో పోల్చి కొండ కుంగిందనుకోకు.