గడ్డం లేని ఆంటోనినస్: కారకల్లానా, ఎలగబలస్సా?

నాణేలపెట్టె:
మార్కియనోపోలిస్ (ఇప్పటి బల్గేరియా) కంచు నాణెం ఒకటి కొన్నాను. కవర్ మీద రోమన్ చక్రవర్తి కారకల్లా అని రాసిచ్చారు. నాణెం మీద గ్రీకులో ఉన్నది ఆంటోనినస్ అని మాత్రమే, ముఖం నున్నగా ఉంది. నాకైతే మరో రోమన్ చక్రవర్తి ఎలగబలస్ అనిపిస్తోంది. మీరేమంటారు?

కృష్ణాతీరం:
కారకల్లానే. 198లో తండ్రి సెవెరస్ అతన్ని తనతోపాటు చక్రవర్తిని చేసేనాటికి పదేళ్ళు కూడా నిండలేదు, ఆ తర్వాత చాలా ఏళ్ళు గడ్డం లేని బొమ్మలే పడ్డాయి. నుదురు, ముక్కు చూడండి. చాలాకాలంగా ఈ నాణేలు చూస్తున్నాను, ఆ పోలిక నాకు కొత్త కాదు.

బొరుసుచదువరి:
ఇక్కడ పోలికని నమ్మకూడదండీ. ఇద్దరి అధికారిక పేరూ ఒకటే, మార్కస్ ఆరేలియస్ ఆంటోనినస్. 218లో పద్నాలుగేళ్ళ ఎలగబలస్‌ని గద్దెనెక్కించినవాళ్ళు ఇతను కారకల్లా కొడుకే అని సైనికులకు చెప్పుకున్నారు, అంటే పోలిక కనబడటం వాళ్ళకి కావలసిన విషయమే. బొరుసు మీద గవర్నర్ పేరు చదవండి. క్వింటిలియానస్ అయితే కారకల్లా చివరి రోజులు, అప్పటికి అతనికి గడ్డం ఉంది. సెలూకస్ అయితే ఎలగబలస్.

నాణేలపెట్టె:
చిలుము కింద పేరు మొదలు పోయింది. లైటు పక్కనుంచి పడేలా పెట్టి తిప్పితిప్పి చూస్తే "...లెవ్కు" అని తెలుస్తోంది, ఆ వెంటనే ఊరి పేరు.

కృష్ణాతీరం:
గ్రీకులో ఆ పేరు "సెలెవ్కు" అనే పడుతుంది, అయితే సెలూకస్సే, ఈ నాణెం వరకు నేను పొరబడ్డాను. కానీ గవర్నర్ పేరు వేసే అలవాటు అన్ని ఊళ్ళకీ లేదు కదా. ఎఫెసస్ (ఇప్పటి టర్కీ) సంగతేంటి? అక్కడ ముఖం చూడకుండా ఎలా తేలుస్తారు?

బొరుసుచదువరి:
ఎఫెసస్‌కి బిరుదు ఉంది. చక్రవర్తి పూజ జరిగే గుడికి సంరక్షక నగరం అని, నియోకోరోస్ అంటారు, దాన్ని ఎన్నిసార్లు పొందారో కూడా లెక్క వేసుకునేవాళ్ళు. కారకల్లా కాలంలో మూడు. ఎలగబలస్ నాలుగోది ఇచ్చాడు, 222లో అతన్ని చంపాక దాన్ని వెనక్కి తీసేసుకున్నారు. ఆంటోనినస్ పేరుతో నాలుగు కనబడితే ఇక ముఖం గురించి వాదన అక్కర్లేదు.

కృష్ణాతీరం:
బిరుదు లేకుండా వట్టి "ఎఫెసీయుల" అని ఉన్నవి?

బొరుసుచదువరి:
ముఖం వైపు అదే అచ్చుతో కొట్టిన ఇంకో నాణెం, బిరుదున్నది, ఎక్కడైనా ఉందేమో వెతుకుతాను. అచ్చు ఒకటే అయితే చక్రవర్తీ ఒకడే కదా. దొరక్కపోతే నా కవర్ మీద ఆంటోనినస్ అని మాత్రమే రాసి పెడతాను.