వేలిముద్ర పడని మామ్మగారు, జౌగడ రాయి: తత్వం చదివితే మనసు గట్టిపడిపోతుందా?

కౌంటర్ 3, బరంపురం

అందరికీ నమస్కారం. పుట్టింది, చదివింది, పెళ్లయింది అన్నీ బరంపురంలోనే. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. పదకొండేళ్లుగా ఒక బ్యాంకులో కౌంటర్ మీద కూర్చుంటున్నాను.

రెండేళ్ల కిందట నాకు నిద్ర పట్టేది కాదు. ఆ రోజుల్లో ఎపిక్టెటస్ అనే గ్రీకు తత్వవేత్త మాటలు ఫోన్లో వినడం అలవాటైంది. మన చేతిలో ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని, లేనివాటి గురించి కుమిలిపోకు అనే మాట నాకు మందులా పనిచేసింది. సర్వర్ ఆగిపోతే నా చేతిలో లేదు. క్యూ మెట్లు దిగి రోడ్డు మీదికి పోతే నా చేతిలో లేదు. టెన్షన్ తగ్గింది, నిద్ర వచ్చింది. ఆ మేలు మరిచిపోను.

పోయిన నవంబర్‌లో జరిగింది చెబుతాను. పెన్షనర్లు ఏటా ఆ నెలలో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. వేలిముద్రతో అయిపోయే జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చింది కాబట్టి ఇప్పుడు చాలామందికి అదే. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఒక మామ్మగారు వచ్చారు. మెషిన్ మీద బొటనవేలు పెట్టారు, పడలేదు. చూపుడువేలు పెట్టారు, పడలేదు. పది వేళ్లూ అయ్యాయి. అప్పుడు చూశాను ఆవిడ చేతుల్ని. వేళ్ల కొసలు గులకరాళ్లలా నున్నగా ఉన్నాయి, ఒక్క గీత లేదు. ముప్పై ఏళ్లుగా అప్పడాలు ఒత్తిన చేతులు అవి. ఆ పిండి ఎంత గట్టిగా ఉంటుందో, అందులో కలిపే అప్పడాల కారం, అంటే క్షారం, వేళ్లని ఎలా తినేస్తుందో మా ఊరి ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు.

"రేపు రండి" అన్నాను. వచ్చారు, పడలేదు. "రాత్రి కాస్త నూనె రాసుకుని పడుకోండి, పొద్దున్న చెయ్యి కడుక్కుని రండి" అన్నాను. మూడో రోజు కొబ్బరినూనె వాసనతో వచ్చారు. అయినా పడలేదు. "నా చేతిలో ఏమీ లేదు మామ్మగారూ" అన్నాను. కోపంగా కూడా అనలేదు, ఎంతో ప్రశాంతంగా అన్నాను.

కాగితం ఫారం నింపి, ఆఫీసర్ ముందు సంతకం పెట్టిస్తే సరిపోతుందని నాకు తెలుసు. ఆ ఫారాలు నా కుడిపక్క సొరుగులోనే ఉన్నాయి. అయిదు నిమిషాల పని. కానీ లేచి ఆఫీసర్ గదికి వెళ్లాలి, వెనక నలభై మంది నిలబడి ఉన్నారు. పక్క కౌంటర్ కుర్రాడు చూసి, లేచి, ఆ ఫారం తనే నింపాడు. ఆవిడ వెళ్తూ వెళ్తూ నాకు కూడా నమస్కారం పెట్టారు.

అప్పటినుంచి ఒకటే అనుమానం. మనశ్శాంతి కోసం చదివింది నన్ను రాయిని చేస్తోందా? "ఫలం మీద అధికారం లేదు" అన్న గీత మాట కూడా నేను ఇలాగే వాడుకుంటున్నానేమో అని భయం వేస్తోంది. కౌంటర్ దగ్గరో, షాపులోనో, మనుషుల మధ్య పనిచేసేవాళ్లు ఎవరైనా చెప్పండి. మీరు చదివింది మీ పనిలోకి ఎలా వచ్చింది?

జయపురం లారీలు

చెల్లెమ్మా, ముందు మిమ్మల్ని మీరు కోసుకోవడం ఆపండి. నవంబర్ ఏటా వస్తుంది, ముసలివాళ్లు ఏటా వస్తారు, ఇది అందరికీ ముందే తెలుసు. నలభై మందికి ఒక్క మనిషిని కూర్చోబెట్టి, తర్వాత ఆ మనిషి గుణం బాగాలేదంటే ఒప్పుకోను. తత్వం ఒక్కటే చాలదు, ఇంకో కుర్చీ కూడా కావాలి.

మా నాన్నగారి కాలం నుంచి కోరాపుట్, సాలూరు మధ్య లారీలు తిప్పుతున్నాం. సుంకి ఘాట్ దిగేటప్పుడు డ్రైవర్‌కి ఫోన్ చేసి "ఎక్కడిదాకా వచ్చావు" అని అడగం. అడిగితే తొందరపడతాడు, తొందరపడితే లోయలో ఉంటాడు. ఈ తొందర అతనిలో పుట్టింది కాదు, మేం ఫోన్లో పంపింది. మీ తొందర ఎక్కడినుంచి వచ్చిందో అది కూడా చూడండి.

పర్లాకిమిడి మాష్టారు

అమ్మా, లారీల బాబు చెప్పింది నిజమే. కానీ మీరు అడిగింది వేరు, దానికి జవాబు చెబుతాను. ముప్పై నాలుగేళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, కాస్త పెద్దగా రాస్తే ఓపిక పట్టండి.

ఎపిక్టెటస్ బానిసగా బతికినవాడు. చేతిలో లేనివి ఎన్నో ఆయనకు బాగా తెలుసు. కానీ చేతిలో ఉన్నవాటిలో ఆయన మొదటినుంచీ చెప్పింది మన ఆలోచన, మన కోరిక, మనం చేసే పని. సర్వర్ మీది కాదు. సొరుగు మీదే కదమ్మా. ఆ దారినే నడిచిన రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్, మనుషులు రెండు చేతుల్లా, రెండు కాళ్లలా కలిసి పనిచేయడానికే పుట్టారని రాసుకున్నాడు. మీరు విన్నది సగం, తక్కిన సగం ఇది. గీతలో కూడా అంతే. 12వ అధ్యాయంలో భక్తుడి లక్షణం ఏ ప్రాణినీ ద్వేషించకపోవడం, స్నేహం, కరుణ అని మొదలవుతుంది.

ఇంతకీ గ్రీసు దాకా ఎందుకు? మీ ఇంటికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, ఋషికుల్య పక్కన, పురుషోత్తంపూర్ దగ్గర జౌగడ ఉంది. జౌ అంటే లక్క, అందుకే దాన్ని లక్కకోట అంటారు. అక్కడి రాతి మీద అశోకుడు క్రీ.పూ. 3వ శతాబ్దంలో శాసనాలు చెక్కించాడు. వేరేచోట్ల ఆయన చెక్కించిన పద్నాలుగు శాసనాల వరుసలో, కళింగ యుద్ధం గురించి చెప్పే 13వది అక్కడ లేదు. 11, 12, 13 వదిలేసి, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోలాగే ఇక్కడ కూడా వేరే రెండు చెక్కించాడు. అందులో ఒకటి సమాప అనే పట్టణంలో తగవులు తీర్చే అధికారులకు రాసింది, అంటే కౌంటర్ మీద కూర్చున్నవాళ్లకు అనుకోండి. మనుషులందరూ నా పిల్లలే అని మొదలుపెట్టి, కొందరిని ఊరికే బంధిస్తున్నారు, హింసిస్తున్నారు అని నిలదీస్తాడు. అలా చేయించే గుణాలు ఏడు చెబుతాడు: ఈర్ష్య, చటుక్కున వచ్చే కోపం, క్రూరత్వం, తొందర, పని మీద శ్రద్ధ లేకపోవడం, బద్ధకం, అలసట. బద్ధకానికి అక్కడి ప్రాకృత మాట 'ఆలసియ'. మన తెలుగులో ఆలస్యం అంటే లేటు అయిపోయింది గానీ, మీ వీధిలో ఒడియా వాళ్లు బద్ధకస్తుణ్ణి ఇప్పటికీ 'అళసువా' అంటారు చూడండి.

ఈ ఏడింటినీ వదిలించుకోవడానికి మూలం ఏదో కూడా చెప్పాడు. కోపం లేకపోవడం, తొందర లేకపోవడం, ఈ రెండే. మీకు కోపం రాలేదు, తొందర వచ్చింది. లారీల బాబు అడిగినదానికీ అందులోనే జవాబుంది: ఈ పని సరిగ్గా జరుగుతోందో లేదో చూడటానికి అయిదేళ్లకోసారి కఠినుడు కాని, మెత్తని నడవడి ఉన్న అధికారిని పంపుతానన్నాడు. భారమంతా కింది ఉద్యోగి మీదే వదిలేయలేదు.

కౌంటర్ 3, బరంపురం

మాష్టారూ, మీ మాట చదివి ఆదివారం జౌగడ వెళ్లాను. ఆరో తరగతిలో పిక్నిక్‌కి తీసుకెళ్లారు, అప్పుడు పులిహోర తిన్నది తప్ప ఏమీ గుర్తులేదు. రాయి మీద కప్పు వేసి ఉంది. అక్షరాలు చాలాచోట్ల అరిగిపోయాయి, కొన్నిచోట్ల రాయి పెచ్చు ఊడి వరుస వరుసే పోయింది. నాకు ఆ లిపి రాదు. అరిగిన వరుసలు చూస్తుంటే మామ్మగారి వేళ్లే గుర్తొచ్చాయి. చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

లారీల అన్నయ్యా, వచ్చే నవంబర్‌కి ఇంకో మనిషిని వెయ్యమని మేనేజర్ గారికి కాగితం రాసిచ్చాను. జవాబు రాలేదు, మళ్లీ అడుగుతాను. ఫారాల కట్ట సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టాను. రెండుసార్లు వేలిముద్ర పడకపోతే మూడోసారి పెట్టించడం మానేశాను. ఫారం చేతిలో పెట్టి, కుర్చీ చూపించి, రాయలేనివాళ్లకి నేనే రాస్తున్నాను. ఫోన్లో ముఖం చూపించి చేసే పద్ధతి కూడా 2021 నుంచి ఉంది, పక్క కౌంటర్ కుర్రాడి దగ్గర అది నేర్చుకుంటున్నాను.

ఒక్కటి మాత్రం మింగుడుపడలేదు మాష్టారూ. ఆ ఏడింటిలో అలసటని ఎందుకు కలిపారు? ఈర్ష్య, క్రూరత్వం తప్పులే. మధ్యాహ్నం మూడయ్యేసరికి నా కళ్లు మండుతాయి, నడుము పట్టేస్తుంది. అది నా తప్పెలా అవుతుంది?

పర్లాకిమిడి మాష్టారు

అమ్మా, నేను కూడా ఆ మాట దగ్గరే ఆగేవాణ్ణి. అలసినవాడు లేవడు, కానీ లేవాలి, కదలాలి, ముందుకు నడవాలి అంటుంది శాసనం. మీరు ఆ రోజు కుర్చీలోంచి లేవలేకపోయారే, అదే. అలసటని ఆయన పాపం అన్నాడని నేను అనుకోను. దానివల్ల ఎదుటివాడికి జరిగే కీడు, క్రూరత్వం వల్ల జరిగే కీడు ఒక్కలాగే ఉంటాయని ఒకే వరుసలో పెట్టాడనుకుంటాను. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

జయపురం లారీలు

మాష్టారూ, నాకు శాసనాలు తెలీవు గానీ ఇది మాత్రం తెలుసు. అలసిపోయానని చెప్పిన డ్రైవర్‌ని మేం తిట్టం. తాళాలు తీసుకుని, ఘాట్ ఎక్కకముందే బండి పక్కకి పెట్టించి, రెండు గంటలు పడుకోమంటాం. సరుకు లేటయితే పార్టీతో మాట నేను పడతాను. చెల్లెమ్మా, మూడింటికి పావుగంట కౌంటర్ ఆపుకునే వీలు ఇమ్మని మళ్లీ అడిగేటప్పుడు ఇచ్చే కాగితంలో రాయండి. అలసిపోయాను అని స్పష్టంగా రాయండి, సిగ్గుపడకండి.