పొట్ట దెబ్బలకు కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ సరిపోతుందా, సీటీయే కావాలా?

డ్యూటీ డాక్టర్, నర్సంపేట వైపు:
మొన్న రాత్రి తొమ్మిదేళ్ల బాబును తెచ్చారు. సైకిల్ మీంచి పడితే హ్యాండిల్ పొట్టలో దిగింది. ఎడమ పక్కటెముకల కింద హ్యాండిల్ కొన గుండ్రంగా అచ్చు పడి ఉంది. బీపీ, పల్స్ బాగున్నాయి. మామూలు అల్ట్రాసౌండ్‌లో రక్తం చేరినట్టు లేదు. మనసొప్పక వరంగల్ పంపాను. సీటీలో స్ప్లీన్ (ప్లీహం) చీలిందని తేలింది. కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ ఉంటే ఆ సీటీ తప్పేదా?

రేడియాలజిస్ట్, హన్మకొండ:
చాలావరకు తప్పేదనే అంటాను డాక్టర్ గారూ. రక్తం బయటికి రాకపోతే మామూలు స్కాన్‌లో చీలిక, దాని చుట్టూ ఉన్న భాగం ఒకేలా కనిపిస్తాయి. కాంట్రాస్ట్ అంటే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ గ్యాస్ నింపిన బుడగలు, ఎర్ర రక్తకణం కన్నా చిన్నవి. రక్తనాళం దాటి బయటికి పోవు. పెద్దవాళ్లకైతే 2.4 మిల్లీలీటర్లు చేతి నరంలోకి ఇచ్చి వెనకే సెలైన్ నెడతాం. రక్తం పారే చోటల్లా తెల్లగా వెలుగుతుంది, చీలిక నల్లగా మిగిలిపోతుంది. గ్యాస్ ఊపిరితో పోతుంది కాబట్టి కిడ్నీకి భారం లేదు. సీటీ కాంట్రాస్ట్‌లో ఉండే అయోడిన్ ఇందులో లేదు, రేడియేషన్ లేదు.

స్ప్లీన్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. మొదట్లో మంచి స్ప్లీన్ కూడా చారలు చారలుగా కనిపిస్తుంది, కొత్తవాళ్లు అదే చీలిక అనుకుంటారు. నిమిషం ఆగితే అంతా సమంగా నిండుతుంది. అప్పటికీ నల్లగా ఉన్నదే గాయం.

సర్జన్, వరంగల్:
మేడం, నేను ఒప్పుకోను. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు వస్తే వెన్నెముక, తుంటి ఎముక, పేగులు, పాంక్రియాస్ (క్లోమం) అన్నీ చూడాలి. గ్యాస్‌తో ఉబ్బిన పొట్టలో మీ అల్ట్రాసౌండ్ ప్రోబ్‌కు అడుగున ఏమీ దొరకదు. బుడగలు మూత్రంలోకి రావు కాబట్టి కిడ్నీ నుంచి మూత్రం లీకైనా తెలియదు. అర్ధరాత్రి రెండింటికి ఇది చేసేదెవరు?

రేడియాలజిస్ట్, హన్మకొండ:
గీత కార్మికుడికి సీటీయే సర్, అందులో వాదన లేదు. నేను అడిగేది నిలకడగా ఉన్న, ఒకే చోట చిన్న దెబ్బ తగిలిన పిల్లల గురించి. ముఖ్యంగా రెండోసారి, మూడోసారి చూడాల్సి వచ్చినప్పుడు. గాయం మానిందా అని చూడటానికి ప్రతిసారీ సీటీ గదికి తోయడం నాకు బాధగా ఉంటుంది. అమెరికాలో 2016లో ఈ కాంట్రాస్ట్‌ను పిల్లలకు నరంలోకి ఇచ్చేందుకు అనుమతి ఇచ్చింది లివర్ గడ్డల కోసం, దెబ్బలకు కాదు. కాబట్టి అమ్మానాన్నలకు విడమరిచి చెప్పి సంతకం తీసుకోవాల్సిందే. రాత్రి సంగతి మీరన్నది నిజం. పీజీ చదివే డాక్టర్లకు పగలు నేర్పకుండా రాత్రి చేయమనలేం.

నర్సంపేట డాక్టర్ గారూ, ఆ బాబుకు మళ్లీ స్కాన్ రాస్తే ముందురోజే చెప్పండి. కాంట్రాస్ట్ వయల్ తెప్పించి ఉంచుతాను.